పాత టైర్ల రబ్బరుతో ఇంటి కప్పు: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను, తప్పయితే సరిదిద్దండి. కవిటి దగ్గర కొబ్బరితోటలో మీ నాన్నగారి ఇల్లు ఉంది. ముందు భాగం శ్లాబు, ముసురు పట్టిందంటే ఉరుస్తోంది. వెనక వంటగదికి, వరండాకు సిమెంటు రేకులు. 2018లో తిత్లీ తుపానుకు సగం రేకులు ఎగిరిపోతే కొత్తవి వేశారు. ఇప్పుడు వాటి మీద కొబ్బరికాయలు పడి నెర్రెలిచ్చాయి. పక్కన పశువుల శాల ఉంది. ఈమధ్య ఒక డీలరు వచ్చి పాత టైర్ల రబ్బరుతో చేసిన షీట్లు చూపించి, "రేకులు తీయక్కర్లేదు, పైనే అతికించేస్తాం, బరువుగా ఉంటాయి కాబట్టి తుపానుకు కదలవు, ఇంట్లో వేడీ తగ్గుతుంది, ముప్పై ఏళ్లు గ్యారంటీ" అన్నాడు. నమ్మవచ్చా అని అడిగారు.

రేకుల మీద అతికించడానికి ఒప్పుకోకండి. శ్లాబు మీద వేసుకోవచ్చు గానీ అక్కడ నీళ్లు ఆపేది ఆ రబ్బరు కాదు, దాని కింద మీరు వేయించే పొర. పశువుల శాలకు మాత్రం మంచి సరుకే, ఒక్క నిప్పు విషయంలో జాగ్రత్తపడితే చాలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇరవై రెండేళ్లుగా కప్పుల పని చేయిస్తున్నాను. ఈ సరుకుతో బాగుపడిన ఇళ్లూ చూశాను, పాడైన ఇల్లూ చూశాను. పాడైన దాంట్లో నా తప్పు ఉంది, అదీ చెబుతాను.

ముందు, డీలరు "రబ్బరు" అన్నప్పుడు అది ఏ రబ్బరో తెలుసుకోవాలి. టైరు చేసేటప్పుడు రబ్బరును గంధకంతో కలిపి వేడి చేస్తారు. దీన్నే వల్కనైజేషన్ అంటారు, చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లోనే దీనికి అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. ఒకసారి గంధకం ఆ రబ్బరు అణువుల గొలుసుల్ని ముడివేశాక అది ప్లాస్టిక్ బకెట్టులాగా కరగదు. వేడి చేస్తే మాడుతుంది తప్ప పోతకు రాదు. అందుకని పాత టైర్లను ముక్కలు చేసి, ఇనుప తీగల్ని అయస్కాంతంతో లాగేసి, నైలాను పోగుల్ని వేరుచేసి, మిగిలిన రబ్బరును రవ్వలాగా ఆడతారు. దాన్నే క్రంబ్ రబ్బరు అంటారు. రోడ్లకు వాడే తారులో కలిపేది కూడా ఇదే. మన దగ్గరకు వచ్చే షీట్లు, టైల్స్ చాలావరకు ఈ రవ్వకు పాలీయురేతేన్ జిగురు కలిపి అచ్చులో పెట్టి వత్తినవి.

మరమరాల ఉండ గుర్తు తెచ్చుకోండి. మరమరాలు రబ్బరు రవ్వ అనుకుంటే, బెల్లం పాకం ఆ జిగురు. ఉండ గట్టిగానే ఉంటుంది, కానీ మీద నీళ్లు పోస్తే లోపలికి దిగిపోతాయి, ఎందుకంటే గింజకీ గింజకీ మధ్య సందులుంటాయి. జిమ్ముల్లో, పిల్లల ఆటస్థలాల్లో పరిచే రబ్బరు టైల్స్ సరిగ్గా ఇలాగే ఉంటాయి. నీళ్లు కిందికి ఇంకిపోవడం అక్కడ మంచిదే, కావాలనే అలా చేస్తారు. ఇంటి కప్పు మీద అదే శాపం. రబ్బరు రవ్వకు ఎండ పెద్దగా ఏమీ చేయదు, దాంట్లో ఉన్న కార్బన్ బ్లాక్ అనే మసిలాంటి నల్లపొడి కాపాడుతుంది. టైరు నల్లగా ఉండేది దానివల్లే. పాకం లాంటి ఆ జిగురుకే ఎండ పడదు. చవకరకం జిగురు ముందు పసుపు రంగుకు తిరుగుతుంది, తర్వాత పెళుసెక్కుతుంది, ఆ పైన చేత్తో రుద్దితే రవ్వ రాలుతుంది.

రబ్బరు కప్పుల్లో ఇంకో రెండు రకాలున్నాయి, వాటిని దీంతో కలపకండి. ఈ.పీ.డీ.ఎం. అనేది ఒక్క ముక్కగా వచ్చే సాఫీ రబ్బరు షీటు, మందం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటుంది. నీళ్లు చుక్క దిగదు. కానీ అది కొత్త రబ్బరు, టైర్ల నుంచి చేసింది కాదు. రెండోది టైరు రబ్బరుకు వేరే పదార్థాలు కలిపి, వేడితో గట్టిగా వత్తి పలకల్లా చేసేది. కెనడాలో కాల్గరీ నగరంలో అలాంటివి తయారుచేస్తారు, వడగళ్లు పడే ఊళ్లలో వాటికి మంచి పేరుంది. మీ డీలరు చూపించిన ఫోటోలు బహుశా వాటివి అయ్యుంటాయి. ఇచ్చే సరుకు మాత్రం జిగురుతో వత్తిన టైలు అయ్యే అవకాశమే ఎక్కువ. ఇలాంటి డీలర్లు ఈమధ్య ఎక్కువగా తిరగడానికి కారణం కూడా ఉంది. 2022 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం టైర్ల కంపెనీలే పాత టైర్ల రీసైక్లింగ్ బాధ్యత మోయాలి. దాంతో క్రంబ్‌కు కొత్త వాడకాలు వెతుకుతున్నారు. ఆ వెతుకులాట మంచిదే. రోడ్డు పక్కన టైర్లు తగలబడి నల్లపొగ రావడం కంటే అవి ఎవరి ఇంటికైనా పనికి రావడం నాకూ ఇష్టమే. కాకపోతే సరైన చోట పనికి రావాలి.

ఇక నా తప్పు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక విజయనగరంలో ఒక ప్రైవేటు హాస్టలు శ్లాబు బాగా ఉరుస్తోందని పిలిచారు. యజమానికి తొందర. ఒక సప్లయరు ఇరవై మిల్లీమీటర్ల రబ్బరు టైల్స్ తెచ్చి, కింద ఏమీ అక్కర్లేదు, ఇవే వాటర్‌ప్రూఫ్ అన్నాడు. నేను నమ్మాను. ముక్క కోసి నీళ్లు పోసి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. పాత శ్లాబు ఊడ్పించి నేరుగా పరిపించేశాను. పైకి అందంగా ఉంది, నడిస్తే మెత్తగా ఉంది, యజమాని సంతోషపడ్డాడు. రెండు వానాకాలాలు గడిచాక ఒక రాత్రి కింద గదిలో సీలింగు ప్లాస్టరు పెళ్ల ఊడి ఒక కుర్రాడి మంచం మీద పడింది. అదృష్టం, అతను ఆ వారం ఊరెళ్లాడు.

ఫిబ్రవరిలో వెళ్లి టైల్స్ ఎత్తించాను. అప్పటికి రెండు నెలలుగా చుక్క వాన లేదు. పైన చెయ్యి పెడితే కాలుతోంది. కింద మాత్రం తడి! టైలు అడుగున చెమటపట్టినట్టు నీటిబొట్లు, శ్లాబు మీద పచ్చటి పాచి, మురిగిన వాసన. గోరుతో గీకితే సిమెంటు తడి ఇసుకలా వచ్చేసింది. ఒకచోట కడ్డీ బయటపడి తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. నీళ్లు సందుల్లోంచి తేలిగ్గా కిందికి దిగాయి. దిగిన నీటికి ఎండ తగలక, గాలి తగలక అక్కడే నిలిచిపోయాయి. టైల్స్ వేయకపోయి ఉంటే ఆ శ్లాబు వానకు తడిసినా ఎండకు ఆరేది. మరమ్మతు ఖర్చు సగం నేనే భరించాను. ఆ రోజు నుంచి కప్పు మీద వేసే ఏ సరుకునైనా ముందు నా చేత్తో పరీక్షించకుండా వేయించలేదు.

మీరు కూడా పరీక్షించండి, పెద్ద పని కాదు. డీలరు దగ్గర అడుగు పొడవు ముక్కలు మూడు తీసుకోండి. తాగేసిన నీళ్ల బాటిలు అడుగు, మెడ కోసేసి మధ్య గొట్టం ముక్కను షీటు మీద నిలబెట్టి చుట్టూ ఎం-సీల్ పెట్టండి. షీటు కింద పాత పేపరు పరవండి. గొట్టంలో బెత్తెడు ఎత్తు నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున పేపరు తడిస్తే అది కప్పు కాదు, చాప. ఇంకో ముక్కను కిరాణా కొట్లో తూయించి, ఒక రోజంతా బకెట్టులో ముంచి, పైన గుడ్డతో తుడిచి మళ్లీ తూయించండి. ఎంత బరువు పెరిగితే అంత నీరు తాగిందని అర్థం. మూడో ముక్కను ఎండాకాలంలో రెండు వారాలు శ్లాబు మీద పడేయండి. అంచులు దోసెలా లేస్తే, తుపాను గాలికి వేలు దూర్చే సందు దొరికినట్టే.

గాలి సంగతికి వస్తాను, ఎందుకంటే మీ ఊరికి అసలు పరీక్ష అదే. బరువుగా ఉంటుంది కాబట్టి కదలదు అని డీలరు అన్నాడు కదా. లెక్క వేసి చూడండి. మన తీరానికి భవనాల డిజైనులో ఐ.ఎస్. 875 అనే భారత ప్రమాణం మూడో భాగం ప్రకారం తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. గాలి ఒత్తిడి లెక్క చాలా సులభం: వేగాన్ని వేగంతో గుణించి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్లో వస్తుంది. 50ని 50తో గుణిస్తే 2,500, దాన్ని 0.6తో గుణిస్తే 1,500. అంటే చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బలం. 3 మీటర్ల పొడవు, 1.05 మీటర్ల వెడల్పు ఉన్న ఒక్క సిమెంటు రేకు మీద ఇది 470 కిలోల దాకా వస్తుంది. ఈ బలం రేకును కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. గాలి కప్పు మీదుగా వేగంగా జారేటప్పుడు పైన ఒత్తిడి తగ్గి, లోపలి గాలి కప్పును పైకి తోస్తుంది. చూరు, కొప్పు, మూలల దగ్గర ఈ లాగుడు ఇంకా ఎక్కువ. తిత్లీ తెల్లవారుజామున తీరం దాటినప్పుడు చాలా ఇళ్లకు ముందు పోయింది మూల రేకే, మిగతావి దాని వెంట వెళ్లాయి.

ఇప్పుడు రబ్బరు బరువు చూడండి. సెంటీమీటరు మందం షీటు చదరపు మీటరుకు పది కిలోల దరిదాపు ఉంటుంది. 150 కిలోల లాగుడు ముందు ఆ పది కిలోలు ఏం ఆపుతాయి? పైగా ఆ పది కిలోలు ఏడాది పొడవునా మీ పాత దూలాల మీద, వాసాల మీద భారమే. జిగురు ఎంత మంచిదైనా అది పట్టుకునేది రేకు పైపొరను. ఆ పైపొర దుమ్ము, పాచి, ఉప్పుగాలికి వదులైన సిమెంటు. ఒకవేళ జిగురు వదలకపోతే, లేచే షీటు రేకును కూడా తనతో తీసుకుపోతుంది. కప్పు నిలవాలంటే గొలుసు తెగకూడదు: రేకు తన కింద అడ్డంగా ఉండే కమ్మీకి, అంటే పర్లిన్‌కు, పర్లిన్ వాసానికి, వాసం గోడకు, గోడ పునాదికి. ఎక్కడ బలహీనమైతే అక్కడే తెగుతుంది. పైన రబ్బరు అతికించడం వల్ల ఈ గొలుసులో ఒక్క ముడి కూడా బిగవదు.

ఇంకో ముఖ్యమైన మాట. పాతవే కాదు, కొత్త సిమెంటు రేకుల్లోనూ చాలావరకు ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని పొడిగా ఉన్నప్పుడు డ్రిల్లు చేయడం, కోయడం, ఇనుప బ్రష్షుతో గీకడం చేయకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత ప్రాణాంతకమైన జబ్బులు వస్తాయి. అతికించే ముందు రేకులు శుభ్రం చేస్తామని వాళ్లు గీకే పని మొదలుపెడితే అక్కడే ఆపించండి. తీయాల్సి వస్తే నీళ్లతో తడిపి, మాస్కు పెట్టుకుని, పగలగొట్టకుండా దించాలి.

నిజానికి కప్పు మీద పాత రబ్బరు మనకు కొత్త కాదు. రేకును పర్లిన్‌కు పట్టి ఉంచే కొక్కెం బోల్టు, అంటే జె-బోల్టు కింద వాషరుగా సైకిలు ట్యూబు ముక్క పెట్టడం మా మేస్త్రిలు ఎప్పటినుంచో చేస్తున్నదే. మీ వంటగది ఉరవడం నెర్రెల వల్లేనా, ఈ వాషర్ల వల్లా అని ముందు చూడండి. నిచ్చెన వేసి బోల్టు దగ్గరకు వెళ్లి ట్యూబు ముక్కను బొటనవేలితో నొక్కండి. వేలికి నల్లటి పొడి అంటుకుని, మడిస్తే ఎండిన చెరువు మట్టిలా బీటలు కనిపిస్తే దాని పని అయిపోయింది. నీళ్లు బోల్టు మరల వెంట జారి కింద కొక్కెం చివర బొట్టుగా వేలాడతాయి. పర్లిన్ మీద గోధుమరంగు తుప్పుచార కనిపిస్తుంది. ఆ చార బోల్టు దగ్గర మొదలైతే తప్పు రేకుది కాదు. నన్ను "రేకులు మార్చాలి" అని పిలిచిన ఇళ్లలో చాలాచోట్ల వాషర్లు మారిస్తే సరిపోయింది. ఈసారి ట్యూబు ముక్కలు కాకుండా ఈ.పీ.డీ.ఎం. వాషర్లు పెట్టించండి. మామూలు రబ్బరును గాల్లోని ఓజోను కొరికేస్తుంది, దాని అణువుల గొలుసులో అందుకు వీలిచ్చే జోడుబంధాలు ఉంటాయి. ఈ.పీ.డీ.ఎం. గొలుసు వెన్నులో అవి ఉండవు, అందుకే ఎండకూ గాలికీ చాలాకాలం ఆగుతుంది.

టైరు రబ్బరు గొప్పతనం ఏమిటంటే దెబ్బ తట్టుకోవడం. అమెరికాలో కప్పు పలకలకు ఒక పరీక్ష ఉంది: రెండు అంగుళాల ఉక్కు గుండును ఇరవై అడుగుల ఎత్తు నుంచి ఒకేచోట రెండుసార్లు వదులుతారు. పలక పగలకపోతే నాలుగో తరగతి, అదే పై తరగతి. మంచి రబ్బరు పలకలు దాన్ని దాటతాయి. కవిటి ఉన్న మీ ఉద్దానంలో ఆ గుండు బదులు కొబ్బరికాయ అనుకోండి. కోతులు గెంతినా పెంకుల్లా చిట్లవు. వాన చప్పుడు కూడా తగ్గుతుంది. అందుకే మీ పశువుల శాలకు ఇది సరిపోతుందన్నాను. అక్కడ కొద్దిగా తేమ దిగినా నష్టం లేదు. పాత సామాను కొట్లలో వాడేసిన కన్వేయర్ బెల్టు దొరికితే ఇంకా మంచిది, అది సందుల్లేని రబ్బరు, మధ్యలో గుడ్డ పొర ఉంటుంది. జిగురు మీద ఆధారపడకుండా పైన చెక్క పట్టీ గానీ ఇనుప పట్టీ గానీ వేసి బోల్టులతో బిగించండి. మేకు ఒక్కటే కొడితే గాలికి దాని చుట్టూ చిరుగుతుంది. సాయంత్రం దోమలకు శాలలో పొగ వేసే అలవాటుంటే మాత్రం ఆ పని బయట పెట్టుకోండి. టైరు రబ్బరు తొందరగా అంటుకోదు గానీ అంటుకుంటే ఆర్పడం మహా కష్టం, దాని పొగ విషం. వంటగది మీద వద్దనడానికి ఇది కూడా ఒక కారణం. కట్టెల పొయ్యి, అందులోనూ జీడి తొక్కలు వేసే పొయ్యి ఉంటే అసలు ఆలోచించకండి.

వేడి తగ్గుతుందన్న మాట కూడా నమ్మకండి. నల్లటి రబ్బరు ఎండను పీల్చుకుంటుంది. సెంటీమీటరు మందం దానికి సరిపోదు. తెల్ల పెయింటు వేద్దామన్నా తగిన ప్రైమరు లేకపోతే రబ్బరు మీద పొట్టులా లేచిపోతుంది.

నీళ్ల విషయంలో గట్టిగా చెబుతున్నాను. ఆ కప్పు మీద పడ్డ వాననీటిని తాగడానికీ వంటకూ పట్టకండి. టైరు రబ్బరులో జింకు ఉంటుంది, వానకు కొంచెం కొంచెం దిగుతుంది. టైరు పగలకుండా కలిపే ఒక రసాయనం ఓజోనుతో కలిసి మారి, వాననీటితో వాగుల్లో చేరి కోహో సాల్మన్ చేపల్ని చంపుతోందని 2020 డిసెంబరులో అమెరికా పరిశోధకులు బయటపెట్టారు. కప్పు నుంచి మనిషికి అంత హాని అని కాదు. కానీ ఉద్దానంలో ఇన్ని కుటుంబాలు కిడ్నీ జబ్బుతో బాధపడుతుంటే, దాని కారణం కూడా పూర్తిగా తేలకుండా ఉంటే, తాగే నీటికి ఇంకో అనుమానం చేర్చడం నాకు మనస్కరించదు. చూరు నీళ్లు చేపల చెరువులోకి, నేలబావిలోకి పోకుండా కూడా చూసుకోండి.

శ్లాబు పని ఇలా చేయించండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు, శ్లాబు బాగా ఎండాక మొదలుపెట్టాలి. పగుళ్లు పూడ్చి, తూము వైపు ఎనిమిది అడుగులకు ఒక అంగుళం వాలు తీయాలి. పిట్టగోడ, శ్లాబు కలిసే మూల నిలువుగా వదలకుండా సిమెంటుతో గుండ్రంగా మలచాలి. లేకపోతే పొర అక్కడే మడతపడి చిట్లుతుంది. దాని మీద ఈ.పీ.డీ.ఎం. గానీ, ఎస్.బి.ఎస్. అనే రబ్బరు కలిపిన తారు మెంబ్రేన్ (నీళ్లు ఆపే పొర) గానీ వేసి పిట్టగోడ మీదికి ఆరంగుళాలు ఎక్కించాలి. తూము మూసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింద చెమ్మ రాలేదని చూశాకే డబ్బు పూర్తిగా ఇవ్వండి. ఆ తర్వాత కావాలంటే పైన టైరు రబ్బరు టైల్స్ పరుచుకోండి. ధాన్యం ఆరబోసినా, నిచ్చెన లాగినా, కొబ్బరికాయ పడినా కింది పొరకు దెబ్బ తగలదు. టైల్స్ అడుగున నీరు పారేలా చిన్న కాళ్లు, గాడులు ఉన్నవి తీసుకోండి. ఏడాదికోసారి నాలుగు టైల్స్ ఎత్తి ఆకులు, మట్టి తీసేయండి. పిట్టగోడ లేని శ్లాబయితే ఇవి వద్దే వద్దు, గాలికి లేచి ఎవరి మీదైనా పడతాయి.

వంటగది, వరండాలకు రేకులు మార్చే స్తోమత ఉంటే అర మిల్లీమీటరు కలర్ కోటెడ్ రేకు వేయండి. కాయ పడితే సొట్టపడుతుంది గానీ పగలదు. చూరు, కొప్పు, రెండు పక్కల అంచుల దగ్గర రేకులో పైకి లేచి ఉండే ప్రతి గట్టుకూ ఒక స్క్రూ ఉండాలి. మధ్యలో గట్టు విడిచి గట్టు పెట్టినా ఫర్వాలేదు. చూరు గోడ దాటి అడుగున్నర మించనివ్వకండి. వాసాలను గోడలోకి దిగిన ఇనుప పట్టీలతో కట్టించండి. డబ్బు తక్కువైతే ముందు ఆ పట్టీలకు, వాషర్లకు ఖర్చు పెట్టండి. రేకుల మీద బరువుకని పెట్టిన పాత టైర్లు ఉంటే దించేయండి. వాటిలో నిలిచే నీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, తుపానులో అవే ఎగిరి పక్కింటి మీద పడతాయి.

డీలరు మళ్లీ వస్తే సరుకు పేరు, మందం, ఏ జిగురు, నిప్పుకు ఏ తరగతి, గాలికి ఏ ప్రమాణం ప్రకారం పరీక్షించారు అన్నవి బిల్లు మీద రాసిమ్మని అడగండి. ముప్పై ఏళ్ల గ్యారంటీ ఎవరిస్తున్నారు, కంపెనీయా తనా అన్నది కూడా. బాటిలు పరీక్ష చేశాక పేపరు ఫోటో, బోల్టుల దగ్గర తుప్పుచార ఫోటో ఇక్కడ పెట్టండి. అవి చూస్తే వంటగదికి వాషర్లతో సరిపోతుందో, రేకులే దించాలో చెప్పగలను.